సీటు కింది పసుపు కప్లర్

కారు కొనేవాళ్లు బానెట్ ఎత్తి చూస్తారు, డిక్కీ తెరిచి చూస్తారు, టైర్లను బూటుతో తన్ని కూడా చూస్తారు. ముందు సీటు కిందికి వంగి చూసేవాళ్లు మాత్రం అరుదు. ఫోను జారి సందులో పడితేనే అక్కడికి చెయ్యి పోతుంది. అలా తడిమితే కొన్ని వైర్ల కట్టలు, వాటి చివర ఒకదానిలోకి ఒకటి దూర్చి బిగించిన ప్లాస్టిక్ దిమ్మలు వేళ్లకు తగులుతాయి. మన షెడ్లలో వాటిని కప్లర్లంటారు. వాటిలో పసుపుపచ్చగా కనిపించేది ఒకటుంటుంది. ఇవాళ నా మాటలు చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి. అది ఎందుకు చెడుతుంది, చెడితే ఎలా బాగుచెయ్యాలి, ఎవరు చెయ్యాలి, ఎవరు ముట్టుకోకూడదు అన్నదే సంగతి.

పాత కార్లలో సీటు కింద పట్టాలూ స్ప్రింగులూ దుమ్మూ తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు సీటే ఒక యంత్రం. బెల్టు పెట్టుకున్నామో లేదో చెప్పే స్విచ్ బకిల్‌లో ఉంటుంది. దాని వైరు కిందికే దిగుతుంది. పక్క సీట్లో మనిషి ఉన్నాడా, ఖాళీగా ఉందా అని కనిపెట్టే పలుచని సెన్సర్ కుషన్ లోపల ఉంటుంది. సీటును ముందుకూ వెనక్కూ జరిపే మోటార్లు కొన్నిటిలో, ఎండాకాలం వీపుకు గాలి కొట్టే ఫ్యాన్లు మరికొన్నిటిలో. వీటన్నిటికన్నా ముఖ్యమైనవి ఇంకో రెండు. సీటు పక్క అంచున, కుట్టు వెనక మడిచి దాచిన సైడ్ ఎయిర్‌బ్యాగు ఒకటి. గుద్దుకున్న క్షణంలో బెల్టును చటుక్కున లాగి ఒంటికి బిగించే ప్రీటెన్షనర్ రెండోది. కొన్ని కార్లలో అది బకిల్ దగ్గరే ఉంటుంది. రెండిటిలోనూ కాస్తంత మందు పేలాలి. ఆ మందుకు నిప్పు ముట్టించే కరెంటు పసుపు కప్లర్‌లోంచి పోతుంది. ఎయిర్‌బ్యాగు సర్క్యూట్లకు పసుపు వాడటం కార్ల కంపెనీలన్నీ దాదాపుగా పాటించే ఆనవాయితీ. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే అవి వందల వోల్టులవి. వాటి జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు. వాటి సంగతి ఈ ప్రసంగంలోకి రాదు.

మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, ముందు సీట్లకు బెల్టు హెచ్చరిక తప్పనిసరి అయింది 2019 జూలై 1 నుంచి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు 2021 ఏప్రిల్‌లో కొత్త మోడళ్లకు మొదలై, ఆ ఏడాది దాటేసరికి అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకూ వర్తించింది. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండి తీరాలన్న ప్రతిపాదన చట్టం కాలేదు. అయినా కొనేవాళ్లు అడుగుతున్నారు కనుక కంపెనీలే పెడుతున్నాయి. ఆ ఆరింటిలో మామూలుగా రెండు ముందు సీట్లలోనే ఉంటాయి. డాష్‌బోర్డులో ఉన్న సంచికి వైరు కదలకుండా ఒకచోట పడి ఉండే వీలుంది. సీటు అలా కాదు. పొట్టివాళ్లు ముందుకు లాక్కుంటారు, పొడుగువాళ్లు వెనక్కి తోస్తారు. జరిగిన ప్రతిసారీ కింది వైర్లూ జరగాలి.

ఇప్పుడు డాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర దీపం సంగతి. కూర్చున్న మనిషి ముందు గుండ్రని సంచి ఉన్న బొమ్మ అది. తాళం తిప్పగానే వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరలేదంటే ఎయిర్‌బ్యాగు కంప్యూటర్‌కు ఎక్కడో అనుమానం తగిలిందన్నమాట. ఆ అనుమానం ఎలా పుడుతుందో తెలిస్తే రిపేరు సగం అర్థమైనట్టే.

మందును అంటించే చోట వెంట్రుకలాంటి సన్నని తీగ ఉంటుంది. దాని నిరోధం సుమారు 2 ఓమ్‌లు. దాంట్లోంచి 1.2 ఆంపియర్ల కరెంటు 2 మిల్లీసెకన్లు పోతే చాలు, తీగ కాలి మందు అంటుకుంటుంది. కంప్యూటర్ ఊరికే కూర్చోదు. బండి నడుస్తున్నంతసేపూ ఆ తీగ గుండా అతి చిన్న కరెంటు పంపి, తిరిగొచ్చేదాన్ని కొలుస్తూ ఉంటుంది. అది కొన్ని మిల్లీఆంపియర్లే, మందును అంటించే శక్తి దానికి లేదు. రెండు ఓమ్‌లు ఉండాల్సిన చోట మరో రెండో మూడో కలిసినా, వైరు తెగినా, బాడీకి తగిలినా దీపం వెలుగుతుంది. హారన్ సర్క్యూట్లో ఇంత తేడా వస్తే మోత కొంచెం తగ్గుతుందేమో, మనం గమనించం. ఇక్కడ గమనిస్తారు.

పైగా ఇంత చిన్న కరెంటుకు మరో బలహీనత ఉంది. సీటు మోటారుకు పోయే కరెంటు ఆంపియర్లలో ఉంటుంది. పిన్ను మీద పలుచగా పొర పట్టినా దాన్ని చీల్చుకుని పోగలదు. మిల్లీఆంపియర్లకు ఆ బలం లేదు. అందుకే ఒకే సీటు కింద, ఒకే తేమలో, మోటారు కప్లర్ బాగానే పనిచేస్తూ పసుపు కప్లర్ మాత్రం మొరాయిస్తుంది. మంచి ఎయిర్‌బ్యాగు కప్లర్లలో పిన్నులకు బంగారు పూత వేసేది ఇందుకే. బంగారానికి చిలుము పట్టదు కదా.

ఇక చెడిపోవడం ఎలాగంటారా. మొదటి ముద్దాయి మనమే. సీటు కింద నీళ్ల బాటిల్, గొడుగు, చెప్పులు, పిల్లల బొమ్మలు కుక్కుతాం. సీటు వెనక్కి జరిపినప్పుడు ఆ బాటిల్ వైర్ల కట్టను పట్టుకుని లాగుతుంది. వెనక కూర్చున్నవాళ్లు కాళ్లు చాపి బూటు మొనతో తంతారు. కారు కడిగే కుర్రాడు వాక్యూమ్ గొట్టం కసిగా లోపలికి దూరుస్తాడు.

రెండో ముద్దాయి సీటు కవర్లు కుట్టే షాపు. కొత్త కారు షోరూమ్ దాటగానే రెక్సిన్ కవర్లు వేయించడం మనకు తాంబూలం పుచ్చుకున్నంత రివాజు. కవరు సరిగ్గా తొడగాలంటే సీటు విప్పాలి. నాలుగు బోల్టులు ఊడదీసి, సీటును ఎత్తి, కప్లర్ రాకపోతే వైర్లు పట్టుకుని గుంజుతారు. లాకు పళ్లు విరుగుతాయి. ఒక్కోసారి పిన్ను వెనక్కి జారుతుంది. బయటికి చూస్తే కప్లర్ పెట్టినట్టే ఉంటుంది, లోపల మాత్రం రెండు పిన్నులూ కలవవు. ఆ కప్లర్లు ఊడి ఉండగానే బండి జరపడానికి తాళం తిప్పారో, కంప్యూటర్ తప్పు నమోదు చేసుకుంటుంది. తర్వాత కప్లర్ పెట్టినా చాలా కార్లలో స్కానర్ పెట్టి తుడిచేదాకా దీపం ఆరదు. కవరు గురించి మరో మాట కూడా చెప్పాలి. సైడ్ ఎయిర్‌బ్యాగు ఉన్న సీటుకు పక్క అంచు మూసేసే మందపాటి కవరు తొడిగితే, వైరింగ్ ఎంత బాగున్నా సంచికి బయటికొచ్చే దారి ఉండదు. అందం కోసం అంత పని చెయ్యకండి.

మూడోది ఎలుక. ఎలుక ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోక తప్పదు. ఇప్పటి వైర్ల తొడుగులో సోయా ఉంది, అందుకే కొరుకుతున్నాయి అని చాలామంది అంటారు. నాకు ఆ వాదన మీద పెద్ద నమ్మకం లేదు. సోయా మాట పుట్టకముందు కూడా ఎలుకలు వైర్లు కొరికాయి. వాటికి కావాల్సింది పళ్లకు పని, గూటికి సామాను. సీటు కింద పడిన బిస్కెట్ పొడి వాటికి పిలుపు. మిరపకాయకు మంటనిచ్చే క్యాప్సైసిన్ పట్టించిన టేపును హోండా కంపెనీ వైర్లకు చుట్టడానికి అమ్ముతోంది. గుంటూరు శ్రోతలు నవ్వుకుంటారేమో, కానీ నిజం.

నాలుగోది నీళ్లు. ఇంజను గదిలోని కప్లర్లకు రబ్బరు సీళ్లుంటాయి. క్యాబిన్ లోపలి వాటికి సాధారణంగా ఉండవు, లోపలికి నీళ్లు రావన్న లెక్కతో చేసినవి. మన కార్లలో నీళ్లు వస్తాయి. ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం దుమ్ముతో పూడుకుంటే ఆ నీళ్లు పక్క సీటు కాళ్ల దగ్గర కార్పెట్ కిందికి దిగుతాయి. కార్పెట్ అడుగున ఉన్న స్పాంజి నెలల తరబడి తడి వదలదు. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది. కూల్‌డ్రింకు ఒలికినా, కొబ్బరి బొండాం తిరగబడినా అంతే. నీళ్లు ఆరిపోతాయి, అందులోని ఉప్పూ ఆమ్లమూ చక్కెరా మిగిలిపోతాయి.

వరద సంగతి వేరే. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు కార్లు నీళ్లలో నిలబడ్డాయి. కారులోకి నీళ్లొస్తే సీటు కింది కప్లర్లే ముందు మునుగుతాయి. బ్యాటరీ తగిలించే ఉంటే బురదనీటిలో ఒక పిన్నుకూ పక్క పిన్నుకూ మధ్య కరెంటు నడిచి, పాజిటివ్ పిన్ను లోహం కరిగిపోవడం మొదలవుతుంది. కొద్ది రోజుల్లోనే పచ్చటి చిలుము తప్ప పిన్ను మిగలదు. అందుకని నీట మునిగిన బండికి మొదటి చికిత్స స్టార్ట్ చేసి చూడటం కాదు, బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యడం. మునిగిన ఎయిర్‌బ్యాగు భాగాలను ఆరబెట్టి వాడకుండా మార్చెయ్యాలి.

ఇవన్నీ కంటికి కనిపించే దెబ్బలు. కనిపించనిది ఇంకోటుంది, అదే అన్నిటికన్నా చిత్రమైనది. ఎవరూ లాగలేదు, ఎలుక రాలేదు, నీళ్లు తగల్లేదు. కప్లర్ కొత్తగా, శుభ్రంగా కనిపిస్తుంది. అయినా దీపం వెలుగుతుంది. కారణం పిన్నుల మీది తగరపు పూత. బండి అదురుకు, ఎండకూ ఏసీకీ మధ్య వచ్చే వేడి తేడాకు, ఆడ పిన్నులో మగ పిన్ను మిల్లీమీటరులో వందో వంతు అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది. ఆ రాపిడికి తగరం పొడై, గాలి తగిలి ఆక్సైడ్ అవుతుంది. ఆ ఆక్సైడ్ గట్టిది, కరెంటు పోనివ్వదు. పేరుకునే కొద్దీ నిరోధం పెరుగుతుంది. ఇంజనీర్లు దీన్ని ఫ్రెటింగ్ అంటారు. మెకానిక్ కప్లర్ ఊడదీసి మళ్లీ పెడితే పొర చెదిరి దీపం ఆరుతుంది, ఇంతేనా అని అందరూ సంతోషిస్తారు. కొన్ని వారాలకు మళ్లీ వెలుగుతుంది. అది రిపేరు కాదు, వాయిదా.

ఈ చిన్న సంగతి ఎంత పెద్దదవుతుందో అమెరికాలో తేలింది. 2014 మార్చి 17న జనరల్ మోటార్స్ సుమారు 11.8 లక్షల ఎస్‌యూవీలను వెనక్కి పిలిచింది. షెవర్లే ట్రావెర్స్, జీఎంసీ అకాడియా, బ్యూయిక్ ఎన్‌క్లేవ్, శాటర్న్ అవుట్‌లుక్ బళ్లు అవి. 2008 నుంచి 2013 మోడళ్ల దాకా ఉన్నాయి. అవి మన రోడ్ల మీద తిరిగిన బళ్లు కావు గానీ, మూడు వరుసల సీట్లున్నాయి కనుక అక్కడ కాపురముంటున్న మనవాళ్లలో నడిపినవాళ్లు ఉండే ఉంటారు. లోపం ముందు సీట్లలోని సైడ్ ఎయిర్‌బ్యాగు వైరింగ్ కప్లర్లలో. అక్కడ నిరోధం పెరుగుతుంది, ఎయిర్‌బ్యాగు సర్వీసు చేయించుకోండి అని హెచ్చరిక వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకుండా నడిపితే చివరికి సైడ్ ఎయిర్‌బ్యాగులు, ప్రీటెన్షనర్లు అవసరానికి పనిచెయ్యకపోవచ్చు.

దానికి కంపెనీ చెప్పిన మందు ఏమిటో వినండి. డీలర్లు ఆ కప్లర్లను కోసి తీసేసి, వైర్లను నేరుగా కలిపి టంకం పెట్టారు. కప్లర్ సమస్యకు పరిష్కారం కప్లరే లేకపోవడం! ఆ తర్వాత ఆ చోట ఊడదీయడానికి ఏమీ ఉండదు. సీటు పని చేసేవాడికి అది ఇబ్బందే. అయినా ఆడే కీలు కన్నా అతికిన వైరు నమ్మదగిందని తేల్చుకున్నారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. కారు వైరింగ్‌కు టంకం వాడొద్దని ఈ పని నేర్పేవాళ్లు చాలామంది చెబుతారు, నేనూ చెబుతాను. ఒత్తిలోకి నూనె పాకినట్టు కరిగిన టంకం రాగి పోగుల మధ్య లోపలికంటా పాకుతుంది. పాకిన మేర వైరు పుల్లలా బిరుసెక్కుతుంది. బిరుసు ముగిసి మెత్తదనం మొదలయ్యే చోట, వంగిన ప్రతిసారీ ఒత్తిడి పడి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. సీటు కింద వంగని రోజు ఉండదు. మరి అంత పెద్ద కంపెనీ టంకం ఎలా పెట్టించింది? నా సమాధానం ఇది. నియమం టంకం మీద కాదు, వంగడం మీద. అతుకు కదలని చోట పడి, రెండు వైపులా ఆసరా ఉండి, పైన జిగురు స్లీవు బిగిస్తే టంకం నిలబడుతుంది. పైగా ఆ పని ఎక్కడ కొయ్యాలో, ఎలా అతకాలో రాసిచ్చిన పద్ధతి ప్రకారం జరిగింది. షెడ్డులో నడుం వంచి, చీకట్లో, సిగరెట్ లైటరుతో కరిగించిన టంకానికి ఆ గౌరవం దక్కదు.

ఇలాంటి రిపేరుకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. హారన్ బాగుచేస్తే నొక్కి చూస్తాం. హెడ్‌లైటు బాగుచేస్తే వేసి చూస్తాం. సైడ్ ఎయిర్‌బ్యాగు కప్లర్ బాగుచేసినవాడు పేల్చి చూడలేడు. దీపం ఆరిందన్నది ఇవాళ్టి కొలత మాత్రమే. పక్కనుంచి లారీ గుద్దినప్పుడు తలుపుకూ మనిషికీ మధ్య ఉండేది జానెడు జాగా. సంచి సెకనులో యాభయ్యో వంతు లోపలే తెరుచుకోవాలి. ఎన్నో ఏళ్ల తర్వాత ఎప్పుడో ఒకసారి, అసలు రాకపోతే మంచిదనుకునే ఆ క్షణానికి అతుకు సిద్ధంగా ఉండాలి. పరీక్షించి చూసుకోలేని పని కనుక, చేసే పద్ధతి మీదే నమ్మకం పెట్టుకోవాలి. అందుకే చాలా కంపెనీలు ఎయిర్‌బ్యాగు వైరింగ్‌ను అతకొద్దు, హార్నెస్, అంటే ఆ వైర్ల కట్ట, మొత్తం మార్చండి అంటాయి. కొన్ని మాత్రం తాము చెప్పిన కిట్టుతో, తాము చెప్పిన చోట అతకడానికి ఒప్పుకుంటాయి. మీ కారు ఏ కోవలోదో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మెకానిక్‌ను ఆ మాట అడగడానికి మొహమాటపడకండి.

పని మొదలుపెట్టేముందు తాళం తీసెయ్యాలి, బ్యాటరీ నెగటివ్ విప్పాలి, ఆగాలి. గుద్దుడుకు బ్యాటరీ తెగిపోయినా సంచి తెరుచుకోవాలని ఎయిర్‌బ్యాగు కంప్యూటర్‌లో కరెంటు దాచే కెపాసిటర్ ఉంటుంది. అది ఖాళీ కావాలి. ఒక కంపెనీ ఒకటిన్నర నిమిషం చాలంటుంది, ఇంకోటి మూడు, మరొకటి పది. తెలియకపోతే ఎక్కువే ఆగండి, టీ తాగి రండి. తర్వాత కప్లర్లన్నిటినీ ఫోనుతో ఫొటోలు తియ్యండి. ఏ రంగు వైరు ఏ గదిలో ఉందో కనిపించాలి. ఫొటో లేకుండా పిన్నులు విప్పినవాడు తర్వాత దేవుడి మీద భారం వేస్తాడు.

సీటును పూర్తిగా బయటికి తీయనక్కర్లేకుండానే, బోల్టులు విప్పి వెనక్కి వాల్చితే కింది భాగం కనిపిస్తుంది. పసుపు కప్లర్‌కు మామూలుగా రెండు తాళాలుంటాయి. మొదట వేరే రంగులో ఉన్న చిన్న నాలుకను పైకో పక్కకో లాగాలి. అప్పుడే అసలు లాకు నొక్కుడుపడుతుంది. రాకపోతే ఏదో తాళం ఇంకా పడే ఉందని అర్థం. తిరుపుళితో పెకలించకండి. వైర్లు పట్టి అసలే లాగకండి.

ఊడిన కప్లర్ లోపల, సంచి వైపు భాగంలో, చిన్న రేకు స్ప్రింగు ఒకటి ఉంటుంది. కప్లర్ విడిపోగానే అది రెండు పిన్నులనూ కలిపేస్తుంది. రెక్సిన్ మీద ఒరుసుకుని ఒంట్లో పుట్టే స్థిరవిద్యుత్తు పొరపాటున సంచిని పేల్చకుండా కాపలా అది. లాకు విరిగిందని కప్లర్ బాడీ పారేసి, వైర్లను నేరుగా మెలితిప్పి టేపు చుట్టేవాళ్లు ఆ కాపలాను కూడా పారేస్తున్నారు. మల్టీమీటర్ పెట్టి సంచి నిరోధం కొలిచే పని కూడా చెయ్యకూడదు. మీటరు కూడా కరెంటు పంపే కొలుస్తుంది. ఆ కొలత కంప్యూటర్‌ది, దాన్ని స్కానర్‌లో చదువుకోవాలి.

పసుపుది పక్కన పెడితే, బెల్టు హెచ్చరిక, ఫ్యాన్, మోటారు కప్లర్లను చేతి పని తెలిసిన మనిషి ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. టార్చి వేసి పిన్నులు చూడండి. పచ్చగా చిలుము ఉందా, నల్లగా కాలిందా, ఆడ పిన్ను నోరు వెడల్పయిందా. మన దగ్గర పిన్నులు పాడయ్యేది చాలాసార్లు తుప్పు వల్ల కాదు, టెస్టింగ్ వల్ల. లావు టెస్టర్ మొనను ఆడ పిన్నులో గుచ్చి చూస్తారు, నోరు సాగుతుంది, ఆ రోజు నుంచి లూజ్ కాంటాక్ట్. కొంచెం మురికి అయితే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చాలు. తుప్పు వదలగొట్టే నూనె స్ప్రే వేరు, అది వద్దు. గరుకు కాగితం అసలే వద్దు, పూత పోతే పిన్ను ఇంకా వేగంగా చెడుతుంది. చిలుము లోతుగా తినేస్తే శుభ్రం చేసి లాభం లేదు, పిన్ను మార్చడమే.

పిన్ను బయటికి రావాలంటే కప్లర్ బాడీలో అడ్డంగా ఉండే రెండో లాకు ముందు ఎత్తాలి. తర్వాత సన్నని పనిముట్టుతో పిన్ను నాలుకను నొక్కిపట్టి, వెనక నుంచి వైరును మెల్లగా లాగాలి. కొత్త పిన్నును వైరుకు బిగించడం ఈ పనిలో అసలు నైపుణ్యం. పిన్ను తోక దగ్గర రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగి పోగులను పట్టుకుంటుంది, వెనక జత ప్లాస్టిక్ తొడుగును పట్టుకుంటుంది. వెనక జత లేకపోతే వైరు ఊగే ఊపంతా పోగుల మీదే పడుతుంది. సరైన ప్లయర్‌తో నొక్కితే పోగులూ రెక్కలూ ఒకే ముద్దగా కలిసి, మధ్యకు గాలి కూడా పోదు. గాలి పోనిచోట చిలుముకు చోటు లేదు. మామూలు కటింగ్ ప్లయర్‌తో నలిపితే చూడటానికి బిగిసినట్టే ఉంటుంది, లోపల సందులుంటాయి. సీటు కింది సెన్సర్ వైర్లు చాలావరకు అర చదరపు మిల్లీమీటరు మందం వైర్లు. వాటికి వాడే ప్లయర్ వేరు, బ్యాటరీ లగ్గులకు వాడేది వేరు.

అంత పనిముట్టు లేకపోతే, పిన్నులు ముందే బిగించి వచ్చే తోక వైర్లు దొరుకుతాయి. వాటిని కప్లర్‌కు జానెడు దూరంలో, ఎక్కువగా వంగని చోట అతకండి. నాలుగు వైర్లు అతకాలంటే నాలుగు అతుకులూ ఒకే వరసలో పెట్టకండి. మెట్లుమెట్లుగా పెడితే కట్ట లావెక్కదు, ఒకదానికొకటి తగలవు. లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు వేడిచేస్తే తేమ పోనివ్వని తొడుగవుతుంది. పైన నల్లటి పీవీసీ టేపు మన ఎండలకు నిలవదు. మేలో ఎండలో నిలిపిన కారులో దాని జిగురు కరిగి జారి, దుమ్మంతా పట్టుకుంటుంది. హార్నెస్‌కు వాడే గుడ్డ టేపు అడిగి తీసుకోండి. పురి పెట్టి ఉన్న జంట వైర్లు కనిపిస్తే పని అయ్యాక ఆ పురి మళ్లీ పెట్టండి. పక్క వైర్ల గోలను తట్టుకోవడానికే అలా మెలితిప్పారు.

చివరకు కట్టను దాని క్లిప్పులోనే బిగించాలి. క్లిప్పు విరిగితే కొత్తది వెయ్యాలి. గాలిలో వేలాడే కట్ట మళ్లీ పట్టాల మధ్య నలుగుతుంది. సీటును ముందు కొస నుంచి వెనక కొస దాకా, ఎత్తు మార్చే సీటయితే పైకీ కిందికీ జరిపి, వైరు ఎక్కడైనా బిగుసుకుంటోందేమో చూడాలి. సీటు బోల్టులు కంపెనీ చెప్పినంత గట్టిగా బిగించాలి, సీటు బెల్టు ఆధారం కూడా అదే కదా. బ్యాటరీ మళ్లీ తగిలించేటప్పుడు, మొదటిసారి తాళం తిప్పేటప్పుడు కారులో ఇంకెవరూ కూర్చోకుండా చూసుకోండి.

ఇక మోసం గురించి. ఎయిర్‌బ్యాగు దీపం ఆర్పడానికి దొంగదారి ఒకటుంది. కప్లర్ ఊడదీసి, దాని రెండు పిన్నుల మధ్య రెండు ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెడతారు. రూపాయల్లో దొరికే వస్తువు. కంప్యూటర్ దాన్ని చూసి సంచి క్షేమంగా ఉందనుకుంటుంది. దీపం ఆరుతుంది, యజమాని డబ్బిచ్చి పోతాడు. ప్రమాదం జరిగితే కరెంటు వచ్చి ఆ రెసిస్టర్‌ను వేడిచేస్తుంది, అంతే. ఇంకా నాటుగా చేసేవాళ్లు డాష్‌బోర్డులో దీపాన్నే పీకేస్తారు, లేదా పక్కనున్న ఆయిల్ దీపంతో కలిపేస్తారు. ఇలాంటి పనిని నేను మెకానిక్ తెలివి అనలేను. వెలిగే దీపంతో తిరిగే కారు ఇంకా నిజం చెబుతోంది.

అందుకని వాడిన కారు కొనేవాళ్లకు, ముఖ్యంగా వరద వచ్చిన ఊళ్ల నుంచి తక్కువ ధరకు వచ్చే కార్లు చూసేవాళ్లకు ఒక పని చెబుతాను. ముందు సీటును పూర్తిగా వెనక్కి తోసి, తర్వాత పూర్తిగా ముందుకు లాగి, టార్చి వెయ్యండి. పట్టాల మూలల్లో ఎండిన బురద గీత ఉందా? కప్లర్ల మీద మెరిసే కొత్త టేపు ఉందా? పసుపు కప్లర్ రెండు ముక్కలూ సరిగ్గా కూర్చున్నాయా, పక్కన అదనంగా ఏదైనా చిన్న ముక్క వేలాడుతోందా? కార్పెట్ అంచు ఎత్తి కింది స్పాంజిని నొక్కి చూడండి. తర్వాత సీట్లో కూర్చుని తాళం ఆన్ దాకా తిప్పండి, ఇంజను స్టార్ట్ చెయ్యొద్దు. ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని సెకన్లకు తనంతట తాను ఆరాలి. ఆరకపోతే ఆ రిపేరు ఖర్చు బేరంలో కలపండి. అసలు వెలగనే లేదంటే, లేదా ఇంజను స్టార్ట్ చేశాకే ఆయిల్ దీపంతో కలిసి ఆరిందంటే, బేరం అక్కడే ఆపి, మీకు తెలిసిన మెకానిక్‌తో స్కానర్ పెట్టించి చూసుకున్నాకే అడ్వాన్సు మాట ఎత్తండి.